ఆజమాబాద్, రాంనగర్ వైపు పాత ఇల్లు కొనే ముందు ఏమేం చూడాలి?

ప్రశ్న: కిరాయి_నుంచి_సొంతానికి

అందరికీ నమస్కారం. మా ఆయనకీ నాకూ ఉద్యోగాలు. స్కూలుకెళ్లే పాప, మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మ మాతోనే ఉంటారు. ఆజమాబాద్, రాంనగర్, బాగ్‌లింగంపల్లి, కవాడిగూడ, ఈ పాత మిల్లుల పట్టీలోనే కొనాలని నిర్ణయించుకున్నాం. మియాపూర్, బాచుపల్లి వెళ్లమనే సలహాలు దయచేసి వద్దు. గాంధీ ఆస్పత్రి, ముషీరాబాద్ మెట్రో, విద్యానగర్ ఎంఎంటీఎస్ దగ్గర్లో ఉండటమే మాకు ముఖ్యం. బడ్జెట్ 80 లక్షలు.

ఇప్పటిదాకా మూడు తేలాయి.

ఒకటి, రాంనగర్ గల్లీలో 80 గజాల ఇండిపెండెంట్ ఇల్లు. కింద రాతి గోడలు, మీద స్లాబు, ఆపైన ఇంకో అంతస్తు. మిల్లులో పనిచేసిన పెద్దాయన కట్టుకున్నది. ఆయన పోయారు, ఇద్దరు కొడుకులు అమ్ముతున్నారు.

రెండు, బాగ్‌లింగంపల్లిలో హౌసింగ్ బోర్డు క్వార్టర్, గ్రౌండ్ ఫ్లోర్. వెనకాల ఒక గది అదనంగా కట్టి ఉంది. కాయితాలు జీపీఏ (ఇంకొకరి తరఫున సంతకం పెట్టే అధికారపత్రం) మీద నడుస్తున్నాయి.

మూడు, వీఎస్‌టీ సిగరెట్ ఫ్యాక్టరీ దగ్గర 1998లో కట్టిన అపార్ట్‌మెంట్‌లో 1,000 చదరపు అడుగుల ఫ్లాట్, మూడో అంతస్తు. స్టిల్ట్ (స్తంభాల మధ్య పార్కింగ్) మీద నాలుగు అంతస్తులు, పైన పెంట్‌హౌస్. లిఫ్టు ఉంది.

ఏది కొనమంటారని అడగడం లేదు. ఒక్కోదాంట్లో ఎక్కడ దెబ్బ తింటామో, అది ముందే ఎలా కనిపెట్టాలో చెప్పండి చాలు.

జవాబు: పాతదస్తావేజు

ముందు నేల ఎవరిదో తేల్చుకోండి మేడం. గోడలు, టైల్సు, వాస్తు అన్నీ ఆ తరవాతే. ఈ పట్టీలో ఒక గల్లీకీ పక్క గల్లీకీ నేల జాతే మారిపోతుంది. బ్రోకర్ చెప్పే గజం రేటు మాత్రం మారదు.

ఆజమాబాద్ పారిశ్రామిక వాడ నిజాం కాలం నాటిది. అక్కడి నేల సర్కారుది, ఫ్యాక్టరీలకు లీజుకిచ్చింది. ఆ లీజుల రద్దు, క్రమబద్ధీకరణ కోసమే 1992లో విడిగా ఒక చట్టం తెచ్చారు. కాబట్టి ఆ హద్దుకు ఆనుకుని ఉన్న ఏ ఆస్తి లింక్ డాక్యుమెంట్లలోనైనా (పాత యజమానుల దస్తావేజులు) ‘లీజు హక్కుల బదిలీ’, ‘స్వాధీన హక్కు’ లాంటి మాటలు కనబడితే మీకు నేల రావడం లేదు, అందులో కూర్చునే అవకాశం వస్తోంది, అంతే. మూతపడ్డ కంపెనీ స్థలంలో వేసిన ప్లాట్లయితే ఇంకో మెలిక ఉంది. కంపెనీ లిక్విడేషన్‌లోకి (కోర్టు ద్వారా మూసివేతలోకి) వెళ్లి ఉంటే, మూసివేత పిటిషన్ పడిన తరవాత కోర్టు అనుమతి లేకుండా జరిగిన అమ్మకం చెల్లదు. హైకోర్టుకు అనుబంధంగా ఉండే అఫీషియల్ లిక్విడేటర్ ఆఫీసులో ఆ కంపెనీ పేరు చెప్పి విచారించాలి. పెద్ద స్థలంలో లేచిన అపార్ట్‌మెంట్ అయితే అర్బన్ ల్యాండ్ సీలింగ్ (పట్టణ భూమి పరిమితి) సంగతి కూడా అడగండి. 1976 చట్టం కింద హైదరాబాద్‌లో పరిమితి 1,000 చదరపు మీటర్లు. పరిశ్రమ నడపాలన్న షరతు మీద ఫ్యాక్టరీలకు మినహాయింపులు ఇచ్చేవారు. ఆ చట్టం మన దగ్గర 2008 మార్చి 27 నుంచి రద్దయింది, కానీ అంతకు ముందే సర్కారు స్వాధీనం చేసుకున్న మిగులు భూమి సర్కారుదే.

ఇక మీ మూడింటి సంగతి.

రాంనగర్ ఇల్లు: కొడుకులిద్దరే సంతకం పెడతారంటే ఆగండి. పెద్దాయన వీలునామా రాయకుండా పోయి, కుటుంబం హిందువులైతే, 1956 చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో భార్యకూ కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా. ఆయన కంటే ముందే చనిపోయిన కూతురుంటే ఆమె వాటా ఆమె పిల్లలది. ‘ఆడపిల్లలకు పెళ్లిలో ఇచ్చేశాం’ అన్న మాటకు కాయితం విలువ సున్నా. వాళ్లొచ్చి సేల్ డీడ్‌లో సంతకం పెట్టాలి, లేదా రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ (వాటా వదులుకున్న పత్రం) ఉండాలి. తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని, అందులోని పేర్లను డీడ్‌లోని పేర్లతో ఒక్కొక్కటిగా సరిపోల్చండి. ముషీరాబాద్ వైపు ముస్లిం కుటుంబాల ఇళ్లకు హిబానామా (దానపత్రం) చూపిస్తారు. నోటిమాటతో ఇచ్చిన హిబా చట్టం ఒప్పుకునే ఆస్తి బదిలీయే. కానీ పుచ్చుకున్నవారికి స్వాధీనం కూడా ఇచ్చినట్టు రుజువు ఉండాలి. రిజిస్టర్ కాని హిబా మీద బ్యాంకు లీగల్ చాలాసార్లు అడ్డం తిరుగుతుంది, కనుక మిగతా వారసులను కన్సెంటింగ్ (సమ్మతి తెలిపే) పార్టీలుగా డీడ్‌లోకి తేవడం మేలు.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్ల చిట్టా) తీసేటప్పుడు జనం చేసే పొరపాటు ఒకటుంది. ఇంటి నంబరు చివర /1, /ఎ లాంటి బై నంబర్లు ఉంటే ఒక పెద్ద ఇల్లు ముక్కలైందన్నమాట. బై నంబరుతో మాత్రమే వెతికితే ముక్కలు కాక ముందు జరిగిన తాకట్లు, అగ్రిమెంట్లు ఈసీలో రావు. అసలు నంబరుతో ఒకటి, బై నంబరుతో ఒకటి, మున్సిపాలిటీ నంబర్లు మార్చి ఉంటే పాత నంబరుతో ఇంకొకటి, అన్నీ తీయండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతికించాలి. అదే వెబ్‌సైట్‌లో 22-ఎ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల పట్టిక) చూడటానికి పైసా ఖర్చు లేదు. తరవాత టౌన్ సర్వే రికార్డు, అంటే టీఎస్‌ఎల్‌ఆర్. అందులో 20వ కాలమ్‌లో ఎవరి పేరుందో చూడండి. అక్కడ సర్కారు అనో వక్ఫ్ అనో ఉంటే చేతిలో ఎన్ని రిజిస్టర్డ్ డీడ్లున్నా లాయరు దగ్గరికి వెళ్లకుండా బయానా ఇవ్వొద్దు. బస్తీలో సర్కారు ఇచ్చిన ఇంటి పట్టా అయితే అమ్మకూడదన్న షరతు పట్టా మీదే రాసి ఉంటుంది. వెనకవైపు కూడా తిప్పి చదవండి.

హౌసింగ్ బోర్డు క్వార్టర్: మూడు కాయితాలు వరసగా కావాలి. కేటాయింపు ఉత్తర్వు, వాయిదాలన్నీ తీరినట్టు నో డ్యూస్, బోర్డు మొదటి అలాటీ (కేటాయింపు పొందిన మనిషి) పేర రిజిస్టర్ చేసిన సేల్ డీడ్. ఈ చివరిది లేకుండానే చేతులు మారిన క్వార్టర్లు బోలెడు. జీపీఏ, అగ్రిమెంట్, వీలునామా మూడూ కలిపి చేసే అమ్మకం యాజమాన్యాన్ని బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చేసింది. దారి ఒక్కటే: అసలు అలాటీ గానీ వారసులు గానీ బోర్డు నుంచి డీడ్ తెచ్చుకోవాలి, వాళ్లే నేరుగా మీకు రాయాలి. దానికి పట్టే కాలం, ఖర్చు అమ్మేవారివని అగ్రిమెంట్‌లో రాయించండి. వెనక గది బోర్డు ఖాళీ స్థలంలోకి వెళ్లి ఉంటుంది. డీడ్‌లోని కొలతలతో టేపు పట్టి చూస్తే తెలిసిపోతుంది. ఆ గదికి ఒక్క రూపాయి కూడా లెక్క కట్టొద్దు.

ఫ్లాట్: శాంక్షన్ ప్లాన్‌లో ఎన్ని అంతస్తులున్నాయో, నేల మీద ఎన్నున్నాయో లెక్కపెట్టండి. పెంట్‌హౌస్ ప్లాన్‌లో లేకపోవడం మామూలే. అసలు ప్రశ్న దానికి నేల వాటా రాశారా అన్నది. ఉదాహరణకు 600 గజాల స్థలంలో 15 ఫ్లాట్లుంటే తలా 40 గజాలు. పెంట్‌హౌస్‌కు కూడా 40 రాసి ఉంటే మొత్తం 640 అవుతుంది. లేని 40 గజాలు అందరి వాటాలోంచి పోయినట్టే. స్థలం మొత్తానికి ఈసీ తీసి, ప్రతి ఫ్లాట్ డీడ్‌లో ఉన్న అవిభాజ్య వాటా, అంటే ఆ నేల వాటా కూడండి. పాత అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఏళ్ల తరవాత మీ చేతిలో మిగిలేది ఆ గజాలే.

జవాబు: సైట్_ఇంజనీర్_హైద్

కట్టడం వరకు చెబుతాను.

రాతి గోడ ఇల్లు: ఈ వైపు పాత ఇళ్లు గ్రానైట్ బండరాళ్లతో 15 నుంచి 18 అంగుళాల మందం గోడలు. రాళ్ల మధ్య ఉన్నది మట్టా, గార సున్నమా, సిమెంటా అన్నదే అసలు విషయం. స్విచ్ బోర్డు వెనకో మీటర్ పెట్టె కిందో పెచ్చులూడిన చోట స్క్రూడ్రైవర్‌తో గీకండి. మట్టి అయితే పొడిలా రాలుతుంది, గార అయితే గీత కూడా సరిగా పడదు. మట్టి జోడింపు గోడల మీద స్లాబు, దానిపైన ఇంకో అంతస్తు ఇప్పటికే ఉన్నాయంటే పైన మరొకటి వేసే ఆలోచన మానుకోవాలి. కాలమ్స్ లేని ఇంటికి ‘పైన వేసుకోవచ్చు సార్’ అని బ్రోకర్ అంటే నవ్వి ఊరుకోండి.

మందపాటి గోడలు చోటు కూడా తినేస్తాయి. 80 గజాలంటే 720 చదరపు అడుగులు. 20 బై 36 స్థలమనుకోండి. నాలుగు వైపులా అడుగున్నర గోడ పోతే లోపల 17 బై 33, అంటే 561. బయటి గోడలకే 159 అడుగులు పోయాయి, లోపలి గోడలు ఇంకా లెక్కలోకి రాలేదు. పైగా ఇలాంటి గల్లీల్లో పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటుంది. డీడ్ హద్దుల్లో ‘గోడ మధ్య వరకు’ అని ఉందా, ‘గోడతో సహా’ అని ఉందా చదవండి. రేపు పడగొట్టి కట్టాలంటే ఆ గోడ ఒక్కటే పెద్ద తగాదా అవుతుంది. వాళ్ల దూలాలు కూడా దాని మీదే కూర్చుని ఉండొచ్చు.

గోడ అడుగున మూడడుగుల దాకా ఉప్పు పొంగి, రంగు పొలుసులుగా రాలుతుంటే నేల తేమ పైకెక్కుతోంది, పునాది మీద డీపీసీ (తేమను ఆపే పొర) లేదు. ఇలాంటి గోడకు సిమెంటు ప్లాస్టరో టైల్సో వేసి మూసేస్తే తేమ ఆగదు. బయటికి పోయే దారి లేక ఇంకో రెండడుగులు పైకి పాకుతుంది. పాత ప్లాస్టర్ తేమ గీతకు అడుగు పైదాకా కొట్టేసి, ఎండనిచ్చి, సున్నం ప్లాస్టర్ వేస్తే గోడ గాలి పీల్చుకుంటుంది. అమ్మకానికి ముందు కొత్తగా టైల్సు అతికించిన కింది గది కనబడితే అనుమానపడండి.

1998 ఫ్లాట్: కాంక్రీటు పనులకుండే ఐఎస్ 456 ప్రమాణం 2000లో మారాకే ఆర్‌సీసీకి కనీసం ఎం20 గ్రేడు బలం అన్నారు. అంతకు ముందు కట్టినవి చాలావరకు ఎం15, అంటే 1:2:4 మిక్సు. బోరు నీళ్లతో కలిపి, వారం కూడా తడపకుండా వదిలేసినవి ఎక్కువ. చూడాల్సిన చోట్లు ఇవి: స్టిల్ట్‌లో కాలమ్ మొదళ్లు, బాత్రూం కింది స్లాబు, బాల్కనీ ఛజ్జాలు, మెట్ల అడుగు భాగం. అరడుగు ఎడంలో సమాంతరంగా గోధుమరంగు గీతలు కనబడితే లోపల ఊచలు తుప్పు పడుతున్నాయి. తుప్పు ఇనుము కంటే చోటు ఎక్కువ ఆక్రమిస్తుంది, అందుకే కాంక్రీటు పెచ్చు లేస్తుంది. చిన్న సుత్తితో తట్టితే అక్కడ డొల్ల శబ్దం వస్తుంది.

ఒక చవక పరీక్ష: కాలమ్ మీద కొత్తగా చిన్న గుంట చెక్కి, దుమ్ము ఊది, ఫినాల్ఫ్‌థలీన్ ద్రావణం చల్లండి. గులాబీ రంగు వస్తే కాంక్రీటుకు ఇంకా క్షారగుణం ఉంది, ఊచకు రక్షణ ఉంది. రంగు రాని లోతు కొలవండి. స్లాబులో కవర్ (ఊచ మీది కాంక్రీటు మందం) 15 నుంచి 20 మిల్లీమీటర్లు, కాలమ్‌లో 40. రంగు రాని పొర ఆ లోతు దాటితే ఊచ తుప్పుకు సిద్ధంగా ఉన్నట్టే. రీబౌండ్ హ్యామర్ (పైపొరను కొట్టి గట్టిదనం చూసే పరికరం) రిపోర్టు ఒక్కటే చూపించి ‘స్ట్రెంత్ బాగుంది’ అంటే నమ్మకండి. కార్బొనేట్ అయిన (గాలి తగిలి క్షారగుణం పోయిన) పైపొర గట్టిపడి రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. అల్ట్రాసోనిక్ పరీక్ష (కాంక్రీటులో ధ్వని వేగం కొలవడం) కూడా చేయించాలి: సెకనుకు 3.5 కిలోమీటర్లు దాటితే పరవాలేదు, 3 లోపల ఉంటే కోర్ (పరీక్షకు కోసి తీసే కాంక్రీటు ముక్క) తీయాలి. కనీసం మూడు కోర్లు. వాటి సగటు కోరిన బలంలో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. ఒక్క ఫ్లాట్ కోసం కోర్లు తీయించడం ఎక్కువే అనుకోండి, అసోసియేషన్ ఒప్పుకుంటే మాత్రం చేయించాల్సిందే. లెక్కలో లేని పెంట్‌హౌస్ బరువు కూడా ఆ స్టిల్ట్ కాలమ్స్ మీదే పడుతోంది. అవి 9 బై 12 అంగుళాలు మాత్రమే ఉంటే, చుట్టూ గోడల్లేని స్టిల్ట్‌కు అది చాలా సన్నం.

జవాబు: అడిక్‌మెట్_పోరడు

కాయితాలు, కాంక్రీటు పెద్దోళ్లు చెప్పిన్రు. నేను నీళ్లూ మోరీల సంగతి చెప్త.

అక్కా, చూడనీకి పోయినప్పుడు ముందుగాల ఇంట్లకు పోవద్దు, గల్లీల నిలబడున్రి. పాతది తవ్వకుండ సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు ఏస్కుంట పోయిన్రు. రోడ్డు లేసింది, ఇండ్లు కిందికి దిగినయి. గడప ముంగట అడుగెత్తు కట్ట కట్టిన్రా? లోపట ప్లగ్గు బోర్డులు నడుమెత్తుకు జరిపిన్రా? ఫ్రిజ్జు కింద ఇటుకలు ఉన్నయా? ఉంటే ఓనరు ఏం చెప్పినా ఆ ఇంట్లకు వానల నీళ్లొస్తయన్నట్టే. లెవల్ పైపు పట్టిచ్చి చూడున్రి, రోడ్డు నడిమి ఎత్తు కంటే ఇంటి గచ్చు అడుగున్నర అన్న పైన ఉండాలె.

పొద్దుగాల ఏడుకూ ఎనిమిదికీ నడుమ గల్లీ మ్యాన్‌హోల్ మూత తీపిచ్చి పైనుంచే చూడున్రి, లోపలికి వంగొద్దు, గ్యాస్ ఉంటది. నీళ్లు పైపు నోరు మునిగేటట్టు నిలిచి ఉంటే కింద ఎక్కడనో లైను జామ్ ఉన్నది, వానొస్తే మీ బాత్రూంలకు ఎనక్కి తంతది. హుస్సేన్‌సాగర్ నిండి, 513.41 మీటర్ల ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు మట్టం) దాటి నీళ్లు ఇడిస్తే అవి కవాడిగూడ, దోమలగూడ, అశోక్‌నగర్, నల్లకుంట మీదుగనే మూసీకి పోవాలె. 2000 ఆగస్టుల, 2020 అక్టోబరుల ఆ నాలా పక్క ఇండ్ల సంగతి ఊరంతా చూసింది. నాగమయ్యకుంట, పద్మా కాలనీ దిక్కు కూడా నీళ్లు నిలుస్తయి. వానాకాలంల ఒక పెద్ద వాన పడ్డ రాత్రి పోయి గల్లీ చూసొస్తే సగం ఇండ్లు లిస్టులకెళ్లి పోతయి.

నల్లా నీళ్లు దినం తప్పి దినం వస్తయి. లైను ఖాళీగ ఉన్నప్పుడు పైపుల గాలి గుంజుకుంటది. ఆ పైపు మోరీలకెళ్లి పోతే, చిన్న చిల్లు చాలు, మోరీ నీళ్లు లోపటికొస్తయి. 2009 మేల భోలక్‌పూర్‌ల జనం సచ్చిపోయింది కలుషిత నీళ్లతోనే. అందుకని మీటరు కాడి నుంచి రోడ్డు లైను దాక మీ పైపు ఏడికెళ్లి పోతున్నదో కండ్లార చూడున్రి. మోరీని దాటేది ఉంటే దాన్ని మోరీ మీదికెల్లి తెచ్చి, జాయింట్ లేని ఒక్కటే ముక్క ఏపిచ్చున్రి. నీళ్లు రాంగనే మొదటి ఐదు నిమిషాలు సంపుల పడనియ్యొద్దు. క్లోరిన్ చూసే చిన్న కిట్టు దొరుకుతది, లీటరుకు 0.2 మిల్లీగ్రాము అన్న చూపియ్యాలె. చూపియ్యకుంటే జలమండలి 155313కు కొట్టున్రి. సంపు గోడ మోరీ గోడకు ఆనుకోని ఉంటే ఆ ఇల్లు బేరం చెయ్యకుండ్రి.

మనిషికి దినానికి 135 లీటర్లు లెక్క. మీరు నలుగురు, రెండు దినాలకు 1,080. ఒకసారి నీళ్లు రాకున్నా నడవాలంటే సంపు 3,000 లీటర్లది అన్న ఉండాలె. బోరు నీళ్లు తాగనీకి లెక్కల పట్టకున్రి. క్యాన్ నంబరు (నల్లా కనెక్షన్ నంబరు) ఎవరి పేరు మీదున్నది, బాకీ ఎంత, మీటరు తిరుగుతున్నదా చూడున్రి. మీటరు ఉండి ఆధార్ లింకు ఉంటేనే నెలకు 20,000 లీటర్ల ఫ్రీ స్కీము.

ఇగ ఉండుడు సంగతి. రాంనగర్ చేపల మార్కెట్ దగ్గర ఇల్లంటే ఆదివారం బండి బయటికి తియ్యనీకి రాదు, మృగశిర కార్తె నాడైతే అసలు మనిషే నడవడు. భోలక్‌పూర్ వైపు తోళ్ల గోదాములు, స్క్రాప్ దుకాణాలు ఉన్నయి, గాలి ఎటు కొడుతదో చూస్కోండ్రి. ఇందిరాపార్క్ నుంచి వీఎస్‌టీ దాక స్టీల్ బ్రిడ్జి 2023 ఆగస్టుల తెరిచిన్రు, 2.25 కిలోమీటర్లు. కార్మిక నాయకుడు నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టిన్రు, వీఎస్‌టీ యూనియన్ మనిషే కాబట్టి మంచిగనే ఉన్నది. ట్రాఫిక్ తగ్గింది గాని బ్రిడ్జి ఎత్తుల ఉన్న ఫ్లాట్ల కిటికీలు రాత్రి తెరవనీకి రాదు. మీది మూడో అంతస్తు అంటున్రు, రాత్రి పదకొండుకు పోయి బెడ్రూంల నిలబడి ఇనున్రి.

కిరాయి_నుంచి_సొంతానికి

చాలా థ్యాంక్స్ అండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. క్వార్టర్ ఆలోచన వదిలేశాం. ఇంకో రెండు అడుగుతాను. 80 లక్షలకు బేరం తెగితే చేతిలో ఎంత ఉండాలి? రాంనగర్ వాళ్లు సగం నగదు అడుగుతున్నారు. రెండోది, ఫ్లాట్ తీసుకుంటే లోపల ఏ రిపేర్లు ఖాయంగా వస్తాయి? ఆ లెక్క చూపించి ధర తగ్గించమని అడుగుదామని.

పాతదస్తావేజు

80 లక్షలకు రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం: స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. వరసగా 4.40, 1.20, 0.40, మొత్తం 6 లక్షలు. సర్కారు విలువ మీ బేరం కంటే ఎక్కువుంటే దాని మీదే లెక్క. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం 30 నుంచి 75 లక్షల అప్పుకు ఆస్తి విలువలో 80 శాతమే ఇస్తారు, అంటే గరిష్ఠం 64 లక్షలు. స్టాంపు ఖర్చును విలువలో కలపరు. కాబట్టి 16, 6 కలిపి 22 లక్షలు మీ చేతిలో ఉండాలి, రిపేర్లు కాకుండా. అది కూడా బ్యాంకు వాల్యూయర్ 80 అని రాస్తేనే. రాతి గోడ ఇంటికి కట్టడం విలువ దాదాపు ఏమీ వేయరు, పాత ఫ్లాట్‌కు మిగిలిన ఆయుష్షు చూసి వాయిదాల కాలం కుదిస్తారు. బయానాకు ముందే వాల్యుయేషన్ చేయించుకోండి.

ధర 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపన్ను) మీరే పట్టుకుని కట్టాలి. ఇక్కడ 80,000, అమ్మేవారికిచ్చే దాంట్లోంచే. డబ్బిచ్చిన నెల ముగిశాక 30 రోజుల్లోపు. అమ్మేవారిలో ఎవరైనా విదేశాల్లో ఉంటే రేటు వేరు, చాలా ఎక్కువ. అన్నదమ్ముల్లో ఒకరు అమెరికాలో ఉన్నారా అని ముందే అడగండి.

నగదు: స్థిరాస్తి బేరంలో 20,000, ఆపైన నగదు పుచ్చుకుంటే పుచ్చుకున్నంతా జరిమానా పడొచ్చని వాళ్లకు చెప్పండి. మీకు వచ్చే నష్టం వేరే. డీడ్‌లో ధర తగ్గితే బ్యాంకు అప్పు తగ్గుతుంది, రేపు మీరు అమ్మినప్పుడు లాభం ఎక్కువ కనబడి పన్ను పెరుగుతుంది, బేరం చెడితే ఇచ్చిన నగదుకు రుజువుండదు. బయానా చెక్కుతోనే ఇవ్వండి, ‘బ్యాంకు లీగల్ తిరస్కరిస్తే బయానా మొత్తం వాపసు’ అన్న ఒక్క వాక్యం అగ్రిమెంట్‌లో ఉండాలి. రెండు పేపర్లలో పబ్లిక్ నోటీసు వేయించండి. ఆడపిల్లల అభ్యంతరాలు, పాత అగ్రిమెంట్లు బయటపడేది ఎక్కువగా అప్పుడే.

రాంనగర్ ఇల్లు పడగొట్టి కట్టే ఉద్దేశముంటే ఇంటి అనుమతుల (బీపాస్) చట్టం ప్రకారం 75 గజాలు దాటాక అనుమతి కావాలి, మీది 80. గల్లీ సన్నగా ఉంటే రోడ్డు మధ్య నుంచి కొలిచి మీ స్థలంలోంచి కొంత వదలాల్సి వస్తుంది. 80లో ఎంత మిగులుతుందో లైసెన్స్ ఉన్న టెక్నికల్ పర్సన్‌తో గీయించుకున్నాకే ధర మాట్లాడండి. దగ్గర్లో నాలా ఉంటే దాని వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, తక్కువైతే 2 మీటర్లు బఫర్. 2012 నాటి జీవో 168లో ఉన్నదే ఇది. ఇప్పుడు హైడ్రా (చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే సంస్థ) వచ్చాక జనం పట్టించుకుంటున్నారు.

గజాల_లెక్క

ఒక్క మాట. పై సలహాలన్నీ సరే గానీ మీ అత్తమ్మ మోకాళ్ల సంగతి ఎవరూ అడగలేదు. రాంనగర్ ఇంటికి లోపలి మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయో, కింద బాత్రూం ఉందో లేదో చూడండి. ఈ ఇళ్లలో మెట్టు ఎత్తు 8, 9 అంగుళాలు, వెడల్పు 9 ఉంటుంది. ఫ్లాట్‌లో లిఫ్టు ఉందన్నారు. కరెంటు పోతే జనరేటర్ మీద నడుస్తుందా, ఏఎంసీ (ఏడాది మరమ్మతు ఒప్పందం) ఎవరి దగ్గరుంది, లిఫ్టు స్టిల్ట్ నుంచి మొదలవుతుందా, నాలుగు మెట్లెక్కాక మొదలవుతుందా? ధర గురించైతే ఒకటే: అశోక్‌నగర్, చిక్కడపల్లి కోచింగ్ పిల్లల వల్ల కిరాయికి గిరాకీ తగ్గదు. ఫ్లాట్ కొని అమ్ముడుపోదేమోనన్న భయం అక్కర్లేదు.

సైట్_ఇంజనీర్_హైద్

ఫ్లాట్ లోపలి రిపేర్లు, ఖాయంగా వచ్చేవి.

నీటి పైపులు: 1998 అంటే జీఐ (జింకు పూత ఇనుము) పైపులు. పాతికేళ్లకు అరంగుళం పైపు లోపల తుప్పు పేరుకుని పెన్సిలంత రంధ్రం మిగులుతుంది. మూడో అంతస్తులో షవర్ సన్నగా వస్తుంటే చాలావరకు అదే కారణం. గోడలు పగలగొట్టకుండా షాఫ్ట్‌లోంచి కొత్త సీపీవీసీ (ప్లాస్టిక్) లైను లాగి, బాత్రూం గోడల్లో మాత్రమే గాడి తీయించండి. పాత లైనులో ఒక్క ముక్క మార్చి వదిలేస్తే మిగతాది ఆరు నెలల్లో ఇంకో జాయింటు దగ్గర కారుతుంది, కదిలించినందుకు.

బాత్రూం: కొనే ముందే నీళ్లు నిలబెట్టే పరీక్ష చేయించండి. ట్రాప్‌కు (నీళ్లు పోయే రంధ్రానికి) గుడ్డ కుక్కి రెండంగుళాలు నీళ్లు పట్టి 24 గంటలు ఉంచాలి, మరునాడు కింది ఫ్లాట్ సీలింగ్ చూడాలి. పైవాళ్ల బాత్రూంలో కూడా ఇదే చేయించి మీ సీలింగ్ చూడండి. పైవాళ్లు ఒప్పుకోకపోతే మీ సీలింగ్‌కు జిప్సం ఫాల్స్ సీలింగ్ ఉందేమో చూసి, ఒక పలక విప్పించండి. స్లాబు పెచ్చులు దాచడానికి ఈ ఊళ్లో ఎక్కువగా వాడేది అదే. సంకెన్ స్లాబులో (బాత్రూం కోసం కిందికి దింపి వేసిన స్లాబు) నింపిన ఇటుక ముక్కలు తడిసి ఉంటే పైన గ్రౌట్ పూసి లాభం లేదు. మొత్తం తవ్వి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, మళ్లీ పరీక్షించాకే టైల్సు వేయాలి. ఒక్కో బాత్రూంకు పదిహేను రోజులు వాడకం ఆగుతుంది, ఇల్లు మారే ముందే చేయించుకోండి.

కరెంటు: మీటరు దగ్గర మంజూరైన లోడు ఎంతో బిల్లు మీదే ఉంటుంది. పాత కనెక్షన్లు ఒకటి రెండు కిలోవాట్లే. టన్ను ఏసీ ఒక్కటే కిలోవాటు పైన లాగుతుంది, గీజరు రెండు. లోడు పెంచమని దరఖాస్తు పెట్టే ముందు లోపలి తీగ చూడండి. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కావాలి. అల్యూమినియం కనబడితే మొత్తం మార్పే. ప్లగ్గులో మూడో రంధ్రం ఉండటం వేరు, దానికి ఎర్త్ ఉండటం వేరు. టెస్టర్‌తో కాదు, మీటర్‌తో ఫేజుకూ ఎర్తుకూ మధ్య వోల్టేజీ కొలిపించండి. రాకపోతే స్టిల్ట్ నేలలో కొత్త ఎర్త్ పిట్, బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ కొడితే కరెంటు ఆపే స్విచ్) రెండూ మీ లిస్టులో రాసుకోండి.

రాంనగర్ ఇంటి వైపే మొగ్గితే మోరీకి: ఇంటి చివరి ఛాంబర్‌లో, రోడ్డు లైనుకు కలిసే ముందు, నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి. 4 అంగుళాల పైపుకు 40 అడుగులకు ఒక అడుగు వాలు ఉండాలి. రోడ్డు ఎత్తు పెరిగి, ఛాంబర్ లోతు చాలక ఆ వాలు రాదంటే వాల్వ్ పెట్టినా మురుగు ఇంట్లోనే నిలుస్తుంది. వాల్వ్ రెక్కకు వెంట్రుకలు, పాలిథిన్ చుట్టుకుని సగం తెరిచి ఉండిపోతుంది, అందుకని మూత సులువుగా లేచేలా పెట్టించి వానలకు ముందు మే నెలలో ఒకసారి కడిగించాలి.